చిన్న వయసులో తోడు కోల్పోయిన పాఠకుల గురించి గ్రంథాలయాలకు ఒక బహిరంగ లేఖ

గ్రంథాలయాల నిర్వాహకులకు, కౌంటర్ దగ్గర కూర్చునే లైబ్రేరియన్లకు, పుస్తకాలు ఎంపిక చేసే సంఘాల సభ్యులకు నమస్కారం.

ముప్పైల్లోనో నలభైల్లోనో భర్తను, భార్యను పోగొట్టుకున్నవాళ్లు మీ దగ్గరికి వస్తూనే ఉంటారు. చాలామంది ఆ సంగతి పైకి చెప్పరు. పిల్లల పుస్తకాల కోసం వచ్చినట్టు వచ్చి, అరల మధ్య కాసేపు నిలబడి, ఏమీ తీసుకోకుండా వెళ్లిపోతారు. అలాంటివాళ్లతో కూర్చుని చదివే పని చేస్తున్నవాళ్లం మేము. చదువు వాళ్లకు ఊరటనిస్తుందన్న విషయంలో మాకు ఏ అనుమానమూ లేదు. అయితే ఏ పుస్తకం ఇచ్చామన్నదాని కన్నా అది ఎప్పుడు, ఎంత నిడివిలో, ఏ రూపంలో చేతికి అందిందన్నదే ఎక్కువ ప్రభావం చూపుతుంది. ఓదార్పు పుస్తకం ఒకటి వెతికిచ్చి పని అయిపోయిందనుకునే అలవాటును పక్కన పెట్టండి. ఎదుటి మనిషి ఇప్పుడు ఎంత చదవగలరో ముందు తెలుసుకోండి. ఈ లేఖలో మేము అడుగుతున్నది ఇదే. అది ఆచరణలో ఎలా ఉంటుందో కింద రాస్తున్నాం.

భాగస్వామి పోయిన తొలి వారాల్లో, కొందరికి తొలి నెలల్లో, చదివే శక్తే పోతుంది. వారానికో నవల పూర్తి చేసే అలవాటున్నవాళ్లు కూడా ఒకే పేరాను నాలుగుసార్లు చదివి, అందులో ఏముందో చెప్పలేకపోతారు. చదవడమంటే ఇప్పుడే చదివిన వాక్యాన్ని మనసులో పట్టి ఉంచి, తర్వాతి వాక్యాన్ని దానికి కలుపుకుంటూ పోవడం. నిద్ర సరిగా లేని మనిషికి ఆ పట్టు దొరకదు. పైగా ఆ మనసు నిండా బీమా కాగితాలు, బ్యాంకు ఖాతాల పేరు మార్పిడి, పిల్లల ప్రశ్నలు, ఆఖరి రోజు ఏం జరిగిందన్న ఆలోచన తిరుగుతూ ఉంటాయి. ఇది మామూలే అని ఎవరూ చెప్పకపోవడంతో, ‘నాకు పుస్తకాలు కూడా దూరమైపోయాయి’ అని మరో నష్టాన్ని లెక్కలో వేసుకుంటారు. కాబట్టి మీరు కౌంటర్ దగ్గర చేయగల మొదటి మేలు ఒక మాట చెప్పడం: ఇలా అవడం సహజం, చాలామందికి మెల్లగా తిరిగి వస్తుంది, అంతవరకూ చిన్నవి చదువుకోవచ్చు.

చిన్నవంటే ఎంత చిన్నవి? ఒక పేజీలో ముగిసే కవితలు, లేఖలు, దినచర్య రాతలు, రెండు మూడు పేజీల వ్యాసాలు. కథ అయితే పాత్రలు ముగ్గురు నలుగురికి మించకూడదు. నవలే కావాలంటే అయిదారు పేజీల అధ్యాయాలున్నది వెతకండి. అన్నిటికన్నా తేలికగా లోపలికి వెళ్లనిచ్చేది ఇదివరకే చదివిన పుస్తకం. కథ గుర్తుంటుంది కాబట్టి ఎక్కడ ఆపినా నష్టం లేదు, ఎవరు చనిపోతారో ముందే తెలుసు కాబట్టి దెబ్బ తగలదు. చిన్నప్పుడు ఇష్టపడ్డ పుస్తకాన్ని మళ్లీ అడిగితే వింతగా చూడకండి, మీరే గుర్తు చేసి ఇవ్వండి.

రోజుకు పది నిమిషాలు చాలు. పది నిమిషాలకు అలారం మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయమని చెప్పండి. అధ్యాయం పూర్తి చేయాలన్న పట్టుదలే చాలాసార్లు మర్నాడు పుస్తకం ముట్టకుండా చేస్తుంది. కన్ను వరుస తప్పుతుంటే ఒక అట్టముక్కను చదువుతున్న వరుస కింద పెట్టి జరుపుకుంటూ పోవాలి. ఏడ్చి ఏడ్చి అలిసిన కళ్లకు పెద్ద అక్షరాల ప్రతులు సాయపడతాయి. వాటిని వృద్ధుల కోసమే అని విడిగా పెట్టి ఉంటే ఆ బోర్డు తీసేయండి. నెమ్మదిగా పైకి చదువుకోవడం కూడా పనిచేస్తుంది: పెదవులు కదిలితే ఆలోచన పక్కకు పోవడం తగ్గుతుంది, మాటలే వినపడని ఇంట్లో ఒక గొంతు వినిపిస్తుంది.

రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టని గంట ఒకటుంటుంది. ఊరట అన్నిటికన్నా అవసరమయ్యేది అప్పుడే. ఆ సమయానికి ఫోనులో చదివే పుస్తకం మంచిది కాదని మా అభిప్రాయం. అదే ఫోనులో పోయిన మనిషి ఫొటోలు, పాత సందేశాలు ఉంటాయి; చదవడానికి తెరిచినవాళ్లు తెల్లవారేదాకా వాటిలోనే ఉండిపోతారు. ఒక చేత్తో పట్టుకోగల, రెండు వందల పేజీల లోపు పేపర్‌బ్యాక్ ఇవ్వండి. రెండో చేతి మీద చాలా ఇళ్లలో ఒక పసివాడో పసిపాపో నిద్రపోతూ ఉంటారు. ఆరు వందల పేజీల గట్టి అట్ట పుస్తకాన్ని అలా పట్టుకోలేరు. పుస్తకానికి తగిలించుకునే చిన్న దీపాలు నాలుగైదు కొని, పుస్తకాల్లాగే బార్‌కోడ్ వేసి ఇష్యూ చేయండి.

ఆడియో పుస్తకాలు గిన్నెలు కడిగేటప్పుడు, బండి నడిపేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు బాగా పనికొస్తాయి. రాత్రిపూట అయితే పావుగంటకు దానంతటదే ఆగేలా టైమర్ పెట్టుకోవడం నేర్పండి. లేకపోతే నిద్రలోనే మూడు అధ్యాయాలు దాటిపోయి, ఎక్కడున్నామో తెలియక వదిలేస్తారు. వేగాన్ని కొంచెం తగ్గించుకోవచ్చని కూడా చాలామందికి తెలియదు. చదివే గొంతు పోయినవారి గొంతుకు దగ్గరగా అనిపిస్తే కొందరు తట్టుకోలేరు. ఇచ్చే ముందు కౌంటర్ దగ్గరే ఒక నిమిషం వినిపించండి.

ఒకేసారి మూడు పుస్తకాలు ఇవ్వమని మా సలహా. ఒకటి శోకం గురించి నేరుగా మాట్లాడే చిన్న పుస్తకం. రెండోది ఇదివరకే చదివి ఇష్టపడ్డది. మూడోది ఈ విషయంతో ఏ సంబంధమూ లేనిది: పక్షుల గురించో, నక్షత్రాల గురించో, పాత వంతెనల నిర్మాణం గురించో. ఏది తెరుస్తారో వాళ్లిష్టం. మూడోదే ఎక్కువగా చదవబడుతుందంటే ఆశ్చర్యపోకండి. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం శోకంలో ఉన్న మనిషి కాసేపు పోయినదాని వైపు తిరుగుతాడు, కాసేపు ఇక నడపాల్సిన బతుకు వైపు తిరుగుతాడు, ఈ రెండింటి మధ్య అటూ ఇటూ ఊగుతూనే సర్దుకుంటాడు. మధ్య మధ్య దుఃఖం నుంచి సెలవు తీసుకోవడం కూడా ఆ పనిలో భాగమే. అపరాధ పరిశోధన నవలలో రెండు గంటలు మునిగిపోయినందుకు ‘ఎలా మర్చిపోగలిగాను’ అని కుమిలిపోయేవాళ్లకు ఈ ఒక్క విషయం వివరించి చెప్పండి, చాలా బరువు దిగుతుంది. ఇల్లు నడపడానికి పనికొచ్చే పుస్తకాలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. ఇన్నాళ్లూ ఇద్దరిలో ఒకరే చూసుకున్న పనులు, అంటే పన్నుల పత్రాలు నింపడం, కుళాయి మరమ్మతు, వంట, పిల్లల జడ వేయడం, ఇప్పుడు మిగిలిన ఒక్కరి మీద పడతాయి. కారే కుళాయిని ఎలా బాగుచేయాలో చూపించే పుస్తకం ఇచ్చే ధైర్యం కొన్నిసార్లు తత్వగ్రంథం ఇవ్వలేదు.

తత్వగ్రంథాల మాట వచ్చింది కాబట్టి ఒక పాత ఉదాహరణ. కాళిదాసు కావ్యం రఘువంశం ఎనిమిదో సర్గలో అజుడనే రాజు భార్య ఇందుమతి ఉన్నట్టుండి చనిపోతుంది. అజుడు విలపిస్తాడు. యాగదీక్షలో ఉండి కదలలేని కులగురువు వసిష్ఠుడు శిష్యుడితో ఉపదేశం పంపుతాడు: పుట్టినవారికి చావు సహజం, ఏడ్చి ప్రయోజనం లేదు, రాజ్యం చూసుకో అని. అజుడు మర్యాదగా సరేనని శిష్యుణ్ని సాగనంపుతాడు. శోకంతో కిక్కిరిసిన ఆ గుండెలో చోటు దొరకక, ఆ మాటలు వచ్చిన దారినే గురువు దగ్గరికి తిరిగి వెళ్లిపోయినట్టున్నాయంటాడు కాళిదాసు. ఉపదేశంలో తప్పేమీ లేదు, వేళ కాదు, అంతే. ఆ తర్వాత అజుణ్ని ఎనిమిదేళ్లు నడిపించినవి ఏమిటో కూడా కవి చెబుతాడు: కొడుకు ఇంకా చిన్నవాడన్న బాధ్యత, ఆమె పోలికలున్న బొమ్మలు చూసుకోవడం, కలల్లో ఒక్క క్షణం కలిసే కలయిక. చిన్న వయసులో తోడు పోయిన తండ్రి స్థితిని ఇంత దగ్గరగా చూసిన పద్యాలు అరుదు. అయితే ఆ సర్గ అజుడి ప్రాణత్యాగంతో ముగుస్తుంది. ఇవ్వాలనుకుంటే ఏయే శ్లోకాల వరకు చదవాలో గుర్తుపెట్టి ఇవ్వండి, ఆ ముగింపు ఎలా ఉంటుందో ముందే చెప్పండి.

ఉపదేశ గ్రంథాలు కొందరికి పనికొస్తాయి. వాళ్లంతట వాళ్లు అడిగినప్పుడు ఇవ్వండి. అడగకుండా ఇస్తే అజుడిలాగే సరేనని తీసుకెళ్లి, గడువు తీరాక తెరవకుండానే తెచ్చిస్తారు. అంతకన్నా నష్టమేమిటంటే, మళ్లీ అడగరు.

శోకానికి అయిదు దశలు (నిరాకరణ, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోలు) ఉంటాయని చెప్పే పుస్తకాలతో వేరే చిక్కు ఉంది. ఆ దశలను మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ప్రచురించింది మరణశయ్య మీద ఉన్న రోగులతో మాట్లాడి. వెనక మిగిలినవాళ్లకు వాటిని అన్వయించడం తర్వాత ఊపందుకుంది. దశలు వరుసగా రావాలనే నియమం ఏదీ రుజువు కాలేదు. అయినా ఆ పట్టిక చదివిన పాఠకురాలు తనను తాను కొలుచుకుంటుంది: ‘నాకు కోపం రాలేదేం, ఒప్పుకోలు దాకా వచ్చి మళ్లీ మొదటికెందుకు పోయాను’ అని. ఆ పుస్తకాలను అరలోంచి తీసేయమని అనడం లేదు. ఇచ్చేటప్పుడు ఈ రెండు వాక్యాల చరిత్ర చెప్పి ఇవ్వండి.

ఆత్మకథలు, అనుభవాల పుస్తకాల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. తోడు కోల్పోయినవాళ్ల గురించి దొరికే పుస్తకాల్లో చాలా భాగం పెద్ద వయసువాళ్ల కోసం రాసినవి. వాటిలో పింఛను ఉంటుంది, ఎదిగిన పిల్లలుంటారు, కలిసి గడిపిన నలభై ఏళ్ల జ్ఞాపకాలుంటాయి. మూడేళ్ల పాపతో, ఇంటి అప్పుతో, ఇంకా సగం కూడా గడవని జీవితంతో మిగిలిన మనిషి అది చదివితే మరింత ఒంటరవుతుంది. ‘వాళ్లకు నలభై ఏళ్లు దొరికాయి’ అనే అసూయ, ఆ అసూయ వచ్చినందుకు సిగ్గు, రెండూ కలిసి వస్తాయి. చావు ఎలా వచ్చిందన్నది కూడా అంతే ముఖ్యం. రెండేళ్ల జబ్బు తర్వాత పోయినవారి భాగస్వామికి ఆసుపత్రి దినచర్యలున్న పుస్తకం తోడుగా ఉంటుంది. ప్రమాదంలో హఠాత్తుగా పోయినచోట అదే పుస్తకం గుచ్చుతుంది, ఎందుకంటే అందులోవాళ్లకు వీడ్కోలు చెప్పుకునే సమయం దొరికింది. ఆత్మహత్య వల్ల తోడు పోయినవాళ్లకు విడిగా ఒక పట్టిక ఉండాలి. చనిపోయిన పద్ధతిని వివరంగా వర్ణించే పుస్తకాలు అందులో ఉండకూడదు. ఇక కొత్త పెళ్లితో ముగిసే అనుభవ కథలు. నాలుగో ఏట ఆశ పుట్టించే అదే పుస్తకం మూడో నెలలో అవమానంలా తోస్తుంది.

నవలల్లో మరో సమస్య. కథానాయకుడిని కదిలించడం కోసం మూడో అధ్యాయంలో భార్యను చంపేసే నవలలు ఎన్నో ఉన్నాయి. అట్ట మీద హాయిగా సాగే కుటుంబ కథ అని ఉంటుంది. దీనికి మేము వాడే ఉపాయం ఒక చిన్న చీటీ. పోస్టుకార్డులో సగం సైజు చాలు. అందులో ఇంత రాస్తాం: ఎవరు చనిపోతారు, ఎలా, పుస్తకంలో ఏ భాగంలో, పేజీ సంఖ్యతో, మిగిలిన మనిషి వయసు సుమారుగా ఎంత, ముగింపులో కొత్త తోడు ఉంటుందా, అధ్యాయాల సగటు నిడివి ఎంత. దాన్ని వెనక అట్ట లోపలి వైపు అంటించాలి, ముందు వైపు కాదు. కథ ముందే తెలియకూడదనుకునే ఇతర పాఠకులకు ఇబ్బంది ఉండదు. పుస్తకం మొత్తం చదివినవాళ్లే చీటీ రాయాలి. అట్ట మీది సారాంశం చూసి రాసిన చీటీలు తప్పుతాయి, ఒకసారి తప్పిందంటే ఆ పాఠకులు మిగతా చీటీలను నమ్మరు. మొత్తం గ్రంథాలయానికి ఒకేసారి చేయలేరు. ఎక్కువగా ఇష్యూ అయ్యే ముప్పై నవలలతో మొదలుపెట్టండి.

ఈ పుస్తకాలు అరల్లో ఎక్కడున్నాయో కూడా చూడండి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతి పాటించే చోట మరణం, శోకం మనస్తత్వ కోణంలో 155.937 దగ్గర, కుటుంబంలో మరణం సామాజిక కోణంలో 306.88 దగ్గర, అనుభవ కథలు జీవిత చరిత్రల్లో, తెలుగు కవిత్వమైతే 894.827 కింద ఉంటాయి. అంటే ఒకే మనిషికి కావలసినవి నాలుగు మూలల్లో ఉన్నాయి. అడిగితే చూపిస్తారు నిజమే, కానీ అడగడమే కష్టమైన సంగతి ఇది. మామూలు పాఠకుడు ‘వ్యవసాయం పుస్తకాలెక్కడ’ అన్నంత సులువుగా వీళ్లు ‘భర్త పోయినవాళ్ల పుస్తకాలెక్కడ’ అని అడగలేరు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. ఈ పాఠకుల విషయంలో సమయంతోపాటు అడిగే అవసరాన్ని కూడా ఆదా చేయాలి. ఒక్క పేజీ పట్టిక వేసి, పేరుతోపాటు వర్గ సంఖ్యలు రాసి, ఎవరి కంటా పడకుండా తీసుకోగల చోట పెట్టండి. కౌంటర్ పక్కన వద్దు. పిల్లల విభాగంలో తప్పకుండా పెట్టండి. భార్యను కోల్పోయిన యువకులు తమ కోసం పుస్తకం అడగడం చాలా తక్కువ, పిల్లల కోసమైతే వస్తారు. పట్టిక వాళ్లకు దొరికేది అక్కడే.

పిల్లల పుస్తకాల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో చదువు మళ్లీ మొదలయ్యేది పిల్లల పక్కనే. అమ్మ ‘నిద్రపోయింది’ అని చెప్పే బొమ్మల పుస్తకం ఇవ్వకండి. పిల్లలు రాత్రి నిద్రకు భయపడతారు. నాన్న ‘దూర ప్రయాణం వెళ్లాడు’ అనే పుస్తకం చదివిన పిల్లవాడు తలుపు వైపు చూస్తూ ఉంటాడు, తనను తీసుకెళ్లనందుకు అలుగుతాడు. ‘చనిపోయాడు, శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఊపిరి ఉండదు, నొప్పి ఉండదు, తిరిగి రాడు’ అని సూటిగా, మెత్తగా చెప్పే పుస్తకాలు ఎంచండి. అయిదేళ్ల లోపు పిల్లలకు ఇక తిరిగి రారన్న సంగతి ఒకసారికి అందదు. అదే ప్రశ్న రేపు మళ్లీ అడుగుతారు, అదే పుస్తకం మళ్లీ చదవమంటారు. అందుకే ఈ పుస్తకాలకు రెన్యూవల్ పరిమితి ఉండకూడదు. ఇంకో సంగతి: పిల్లలకు చదివి వినిపించే ముందు ఒంటరిగా ఒకసారి చదువుకోమని చెప్పండి. ఏ పేజీ దగ్గర తమ గొంతు ఆగిపోతుందో ముందే తెలిస్తే, ఆ పేజీలో బొమ్మను చూపించి దాటేయవచ్చు, లేదా ‘ఇక్కడ నాకు ఏడుపొస్తోంది’ అని పిల్లలతో చెప్పేయవచ్చు. రెండూ మంచివే. ఆ ఇంట్లో కథలు చదివి వినిపించేది పోయిన మనిషే అయితే, అవే పుస్తకాలతో మొదలుపెట్టమని బలవంతం చేయవద్దు. కొన్నాళ్లకు పిల్లలే అడుగుతారు.

ఇప్పుడు మీ సొంత వ్యవస్థ గురించి. పుస్తకాల ఎంపిక కన్నా ముందు దిద్దుకోవలసింది ఇక్కడుంది. పోయిన మనిషి పేరు మీద సభ్యత్వ కార్డు ఉంటుంది. ఆ కార్డు మీద రెండు మూడు పుస్తకాలు ఇంట్లో ఉంటాయి. గడువు తీరగానే కంప్యూటర్ దానంతటదే సందేశం పంపుతుంది: మీరు తీసుకున్న పుస్తకం వాపసు చేయలేదు, జరిమానా ఇంత, అని ఆ మనిషి పేరుతోనే. ఉమ్మడి చిరునామాకో, ఇప్పుడు భాగస్వామి దగ్గరున్న ఫోనుకో ఆ సందేశం వస్తుంది. వాపసు కోసం వస్తే ‘సభ్యులు స్వయంగా రావాలి’ అంటారు కౌంటర్ దగ్గర. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, చనిపోయిన సభ్యుల కోసం పద్ధతి ఏర్పాటు చేయకపోవడమే కారణం. ఆ పద్ధతి ఇలా ఉండవచ్చు. మరణం సంగతి ఎవరు తెలిపినా, ఫోనులో అయినా, అదే రోజు ఆ ఖాతాకు సందేశాలు ఆపేయాలి; ధ్రువపత్రం తర్వాత చూసుకోవచ్చు. జరిమానా పూర్తిగా రద్దు చేయాలి. ఖాతాను వెంటనే చెరిపేయకూడదు, నిలిపి ఉంచాలి. రిజర్వు చేసి ఉంచిన పుస్తకాలుంటే ‘మీ పుస్తకం వచ్చింది’ అనే సందేశాన్ని కూడా ఆపాలి. సందేశాలు ఆపేటప్పుడు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. భాగస్వామి కార్డు మీద ఏడాదిపాటు గడువును రెట్టింపు చేసి, జరిమానా లేకుండా చూడాలి. ఈ మార్పులన్నీ ఒకే ఉద్యోగి చేతిలో ఉండాలి. ప్రతి కౌంటర్ దగ్గరా మళ్లీ మొదటినుంచి చెప్పుకునే పని పెట్టకూడదు.

ఆఖరిగా తీసుకున్న పుస్తకం సంగతి వేరు. అందులో సగంలో ఒక గుర్తు ఉంటుంది: బస్సు టికెట్టో, చిల్లర చీటీయో, మడిచిన పేజీ మూలో. పెన్సిలుతో గీసిన గీతలు కూడా ఉండవచ్చు. వాపసు వచ్చిన పుస్తకంలోంచి కాగితాలు దులిపేసి, గీతలు చెరిపేసి, మడతలు సరిచేసి అరలో పెట్టడం మీ దగ్గర రోజూ జరిగే పని. ఈ పుస్తకం విషయంలో అది చేయకండి. ఆ గుర్తు దగ్గరనుంచి మిగతా సగాన్ని చదివి పూర్తి చేయడం కొందరికి ఏ ఓదార్పు గ్రంథమూ ఇవ్వలేనంత ఇస్తుంది, పోయిన మనిషి చివరిగా ఏం ఆలోచిస్తూ ఉండేదో అక్కడ కొంత దొరుకుతుంది కాబట్టి. ‘ఈ ప్రతి మీ దగ్గరే ఉంచుకుంటారా?’ అని అడగండి. అవునంటే ఆ ప్రతిని జాబితా నుంచి తొలగించి, ‘ఉపసంహరించబడింది’ అని ముద్ర వేసి ఇచ్చేయండి, దాని స్థానంలో మరో ప్రతి కొనండి. అరుదైన పుస్తకం కాబట్టి ఇవ్వలేమంటే, గీతలున్న పేజీలను, గుర్తు ఉన్న పేజీని ఫొటో తీసి ఇవ్వండి, ఆ చీటీని మాత్రం తిరిగి వాళ్ల చేతిలోనే పెట్టండి. పోయినవారి ఇష్యూ చరిత్ర కూడా కొందరికి కావలసి వస్తుంది: ఏయే పుస్తకాలు చదివారో వరుసగా తామూ చదువుతామంటారు. అది వ్యక్తిగత సమాచారం, జాగ్రత్త అవసరమే. మీ నియమాలు ఒప్పుకుంటే ఇవ్వండి, ఒప్పుకోకపోతే కారణం చెప్పండి. ఆ చరిత్రలో కుటుంబానికి తెలియని విషయాలు, ఒక జబ్బు గురించో చట్టం గురించో తీసుకున్న పుస్తకాలు ఉండవచ్చని ముందే చెప్పడం మర్యాద.

కౌంటర్ దగ్గర మాట తీరు గురించి ఎక్కువ చెప్పం. ‘అయ్యో, ఇంత చిన్న వయసులోనా’ అనే మాట వాళ్లు వందసార్లు విన్నారు. దాని బదులు రెండు ప్రశ్నలు చాలు: ‘చిన్నవి కావాలా, పెద్దవి కావాలా?’, ‘ఈ విషయం గురించినవా, దీనితో సంబంధం లేనివా?’ ఈ రెండింటికీ ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు, వెనక వరుసలో నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు.

పఠన బృందం నడపాలనుకుంటే ఆరుగురు ఎనిమిది మంది కన్నా ఎక్కువ వద్దు, గంటన్నర మించవద్దు. ఇంటి దగ్గర చదివి రమ్మనకండి. చదవలేకపోయినవాళ్లు సిగ్గుపడి మానేస్తారు, నిజానికి బృందం అవసరం ఎక్కువగా ఉన్నది వాళ్లకే. రెండు మూడు పేజీలు అక్కడికక్కడే పైకి చదవాలి. వంతులవారీగా మాట్లాడించకూడదు, ‘ఈసారి వద్దు’ అనే హక్కు మొదటి రోజే చెప్పాలి. మాట్లాడేది పేజీ గురించే అయి ఉండాలి. సొంత సంగతి దానంతటదే వస్తుంది, లాగకూడదు. పెద్ద వయసువాళ్ల బృందంలో వీళ్లను కలపకండి. పక్క గదిలో పిల్లలను చూసుకునే మనిషి లేకపోతే బృందమే నడవదు, ఎందుకంటే వాళ్లను అప్పజెప్పగలిగిన ఆ రెండో మనిషే ఇప్పుడు లేరు. నడిపేవారిలో ఒకరైనా అదే నష్టం చూసినవాళ్లయితే మేలు. 1967లో బోస్టన్‌లో ఫిలిస్ సిల్వర్‌మన్ మొదలుపెట్టిన కార్యక్రమం నిలబడింది ఈ ఆధారం మీదే: కొత్తగా భర్తను కోల్పోయిన స్త్రీ దగ్గరికి, అంతకుముందే ఆ దారిన నడిచిన స్త్రీ వెళ్లేది. తొలి రెండు మూడు నెలల్లో మాత్రం బృందం కన్నా ఒంటరి చదువే మంచిదని మా అంచనా, ఇతరుల దుఃఖం మోసే బలం అప్పటికి ఉండదు.

రాసుకోమని ఖాళీ నోటుపుస్తకాలు పంచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986 అధ్యయనంలో బాధపెట్టిన అనుభవం గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు, ఆ పద్ధతికి పేరొచ్చింది. శోకంలో ఉన్నవాళ్ల మీద మాత్రం అది ఒకేలా పనిచేయలేదు. నోటుపుస్తకం పెట్టండి, రాయమని ఒత్తిడి చేయకండి.

పుస్తకంతో తీరని బాధ కూడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 (2022 జనవరి నుంచి అమల్లో ఉంది) దీర్ఘకాలిక శోకాన్ని విడి రుగ్మతగా గుర్తించింది. తీవ్రమైన బాధ కనీసం ఆరు నెలలు దాటి, రోజువారీ జీవితాన్ని స్తంభింపజేస్తూ ఉంటే ఆ నిర్ధారణ గురించి ఆలోచిస్తారు. అమెరికన్ మనోవైద్యుల సంఘం 2022లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం పెద్దలకు ఏడాది గడువు పెట్టింది. నిర్ధారణ మీ పని కాదు, దానికోసం ఆరు నెలలు ఆగాల్సిన పనీ లేదు. ‘నేనూ వెళ్లిపోతే బాగుండు’ అనే మాట వినబడితే, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా పంపకండి, దగ్గరివాళ్లను పిలిపించండి, మీ ప్రాంతంలో పనిచేసే సహాయ కేంద్రం నంబరు అక్కడికక్కడే కలిపి ఇవ్వండి. ఆ నంబరు ప్రతి కౌంటర్ దగ్గరా అచ్చువేసి ఉండాలి, ఆరు నెలలకోసారి మీరే ఫోను చేసి అది పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

ఇవన్నీ ఒకేసారి కావని మాకు తెలుసు. డబ్బు అవసరం లేనిది, ఒక్క రోజులో చేయగలిగినది చనిపోయిన సభ్యుల ఖాతాలకు సందేశాలు ఆపడం. ఈ వారమే చేయండి. ఒక పేజీ పట్టికకు నెల, ముప్పై చీటీలకు ఆరు నెలలు పెట్టుకోండి. పట్టికలో కనీసం సగం పుస్తకాలు శోకంతో సంబంధం లేనివి ఉండాలి, ప్రతిదాని పక్కనా పేజీల సంఖ్య ఉండాలి. తయారయ్యాక అచ్చుకు పంపే ముందు చిన్న వయసులో తోడు కోల్పోయిన ఇద్దరు పాఠకులకు, వీలైతే ఒక స్త్రీకీ ఒక పురుషుడికీ, చూపించండి. వాళ్లు తీసేయమన్నవాటిని వాదించకుండా తీసేయండి.

ఇట్లు,
శోకంలో ఉన్నవారితో కలిసి చదివే పఠన బృందాల నిర్వాహకులు